అందరూ నాయకులైన గుజ్జు ఫ్యాక్టరీ

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మునగాలంటే కరెంటు పోవాలి, ధర పడిపోవాలి అనుకుంటున్నారా? అవేవీ అక్కర్లేదండీ. తిరుపతిలో రెండు రోజుల శిక్షణకు వెళ్లొచ్చిన నాలాంటి కూతురు ఒకతి చాలు!

బంగారుపాళ్యం దగ్గర మాకో చిన్న ఫ్యాక్టరీ ఉంది. కాయల కాలం అయిపోతే మిషన్లు ఆగిపోతాయి, ఆడవాళ్లకు పని ఉండదు. ఏడాదంతా నడిపే కొత్త సరుకు కనిపెట్టాలని నా తపన. శిక్షణలో ఒకాయన, "అజమాయిషీ ఎక్కువైతే కొత్త ఆలోచన చచ్చిపోతుంది" అన్నాడు. ఆ తర్వాత ఇంకేదో కూడా అన్నాడు గానీ, అప్పటికే ఆనందంతో ఊగిపోతూ వినడం మానేశాను.

మర్నాడే మా మేనేజరు మస్తానన్నను రేణిగుంట గోడౌనుకు పంపేశాను. కొలవకుండా చిటికెడు ఉప్పు కూడా వేయనివ్వడాయన.

"నేను పోతే ఈడ ఎవురు సూస్తారు పాపా?"

"ఇకమీద అందరూ నాయకులే అన్నా!"

"అట్లయితే పని సేసేదెవురు?"

నాయన పేపరు దించి, "బండికి బ్రేకులు పీకేసి, జోరుగా పోతాదని సంబరపడతా ఉండావమ్మా" అన్నాడు. వింటానా?

చెన్నై నుంచి ఒక వ్యాపారి మా కొత్త మామిడి పానీయం రుచి చూడ్డానికి వస్తున్నాడు. "ఎవరికి తోచింది వాళ్లు చేయండి, నన్ను అడగొద్దు!" అని ప్రకటించాను. ఫ్యాక్టరీ జాతరలా ఊగిపోయింది. పానీయం కలిపే గుండిగ మాత్రం ఒకటే. అందరూ అందులోదాన్నే మెరుగుపరిచారు, ఒకరికి తెలియకుండా ఒకరు.

వ్యాపారి గ్లాసెత్తి తాగాడు. ముఖం కందిపోయింది. కళ్లు మూసుకున్నాడు. నేను నీళ్ల చెంబు అందుకున్నాను.

"ఇంకో గ్లాసు ఇయ్యమ్మా!" అన్నాడాయన. మూడు తాగాడు. "ఇట్టాంటిది నేను యాడా తాగలే! ఏడాదంతా మీ సరుకే తీసుకుంటా. రేపు ఇదే ఒక క్యాను పంపించు."

ఎగిరి గంతేశాం! ఆ సంబరంలో గుండిగ అడుగు దాకా తాగేశాం. ఆయన కారు వెళ్లాక అడిగాను:

"ఇంతకీ ఎవరేం వేశారు?"

"నేను అల్లం ఏసినా" అంది రెడ్డెమ్మక్క.

"ఎంత?"

"సేతికొచ్చినంత!"

"నేను మిరియాలు ఏసినా. అల్లం నేనూ ఏసినా" అంది ఇంకొకామె.

"నన్నారి షర్బత్తు నాది మేడం" అన్నాడు ఎలక్ట్రీషియన్. బెల్లం నేనే వేశాను. ఎంతో నాకూ తెలియదు!

మళ్లీ చేశాం. మొదటిది దగ్గుమందు. రెండోది చారు. మూడోదాన్ని ఈగ కూడా ముట్టలేదు. మస్తానన్నకు ఫోన్ చేసి ఏడ్చాను.

ఆయన వచ్చి గుండిగలోకి తొంగిచూశాడు. "మీరు ఏసేది ఏయండి, నేను కొలిసేది కొలుస్తా. ఏది ఉంచాల్నో పాప సెప్పాల" అన్నాడు. "పాప మాత్రం గంటె ముట్టగూడదు!"

వ్యాపారిని బతిమాలి గడువు తీసుకుని, నెలల తరబడి కొట్లాడుకుంటూ, కొలుస్తూ చేశాం. చివరకు వ్యాపారి తాగి, ఒప్పందం మీద సంతకం పెట్టాడు. ఇప్పుడు మా ఆడవాళ్లకు ఏడాదంతా పనే!

వ్యాపారి లేస్తూ ఒక్కమాటన్నాడు. "బాగుండాదమ్మా. అయితే ఆ పొద్దు ఇచ్చినారే, దాని ముందర ఇది నీళ్లు!"

మస్తానన్న నావైపు చూడలేదు. చూసి నాలుగు తిట్టుంటే బాగుండేది.

కాబట్టి తిరుచానూరు అమ్మవారి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో నా చేత్తో ఏ అద్భుతం జరిగినా, తూకం వేశాకే గంతేస్తాను.