పత్తిలో ఎర్ర కవరు

ఈ ఉదయం మంగళగిరి రైతుబజారుకు వెళ్ళాక, గుడ్డ సంచి ఇంట్లోనే మరిచిపోయానని గుర్తొచ్చేసరికి చేతిలో అప్పటికే వంకాయల కవరొకటి, దొండకాయల కవరొకటి ఉన్నాయి. కొత్తిమీర అమ్మే ఆమెను కవరు వద్దమ్మా, చేతికిచ్చెయ్యి అని అడిగితే, ఊరికే ఇచ్చేదేగా తీసుకోండి అంటూ అదీ కవరులోనే వేసింది. మా ఇంట్లో కవర్లు తగ్గించాలని ఈ ఏడాది ఎన్నిసార్లు మొదలుపెట్టానో నాకే గుర్తులేదు. నేను సంచి పట్టుకెళ్ళిన రోజున మావారు టిఫిను బండి దగ్గర చట్నీ ఒక కవరులో, సాంబారు ఒక కవరులో కట్టించుకుని వస్తారు. ఆయన చేతికి స్టీలు డబ్బా ఇచ్చి పంపిన రోజున మా కోడలు చేపల కవరు తెచ్చి గట్టు మీద పెడుతుంది. ఎవరినని అనను? పొద్దున అలా ఆ కవర్లు ఒక్కొక్కటీ విదిలించి మడత పెడుతూ కూర్చుంటే, నా ఈడు వాళ్ళకు తప్ప అర్థం కాని పాత సంగతి ఒకటి మనసులోకి వచ్చి కదలనంది.

మాది పర్చూరు. మా నాయన దూదేకి పరుపులు కుట్టేవాడు. దూదేకే విల్లు భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, ఎవరి వసారాలో చోటిస్తే అక్కడ కూర్చుని, అణిగిపోయిన పాత దూదిని మళ్ళీ పొంగేలా ఏకి, పొద్దుగూకే లోపల పరుపు కుట్టిచ్చి వచ్చేవాడు. శుక్రవారం మాత్రం జుమ్మా నమాజు వేళకు ఇంటికి చేరేవాడు. మిగిలిన చారల పరుపు గుడ్డతో మా అమ్మ సంచులు కుట్టేది. బియ్యానికి, కూరలకు, నా పుస్తకాలకు, అన్నం గిన్నెకు, అన్నిటికీ ఆ చారల సంచులే. మీ ఇళ్ళలో పాత ప్యాంటు కాళ్ళతో కుట్టినవో, ఉతికిన యూరియా గోతంతో కుట్టినవో ఉండే ఉంటాయి. చిరిగితే మాసిక వేసేవాళ్ళు, మాసికా నిలవకపోతే అది పొయ్యి దగ్గర మసిగుడ్డ అయ్యేది. పారెయ్యడమన్న మాటే మా ఇళ్ళలో వినపడేది కాదు.

పదో తరగతి అయ్యాక నేను పత్తిలోంచి గింజలు వేరు చేసే జిన్నింగు మిల్లులో పనికి కుదిరాను. రైతులు తెచ్చిన పత్తిని గచ్చు మీద పరిస్తే, వరసగా కూర్చుని అందులోని ఆకు, పురికొస, వెంట్రుకలు, కాయితం ముక్కలు ఏరి, తరవాత మిషను మీదికి పంపడం మా ఆడవాళ్ళ పని. మా వీధి చివరి ఇంట్లో ఉండే ఒకావిడ మాకు మేస్త్రీ. భర్త పోయాక ఆ పని మీదే బతుకుతోంది. చుట్టరికం లేకపోయినా నేను ఆమెను పిన్ని అనేదాన్ని, నన్ను ఆ పనిలో పెట్టించింది కూడా ఆమే. ప్లాస్టిక్కు కనపడితే బండి వెనక్కి పంపెయ్యాల్సిందేనని, అది దూదిలో కలిసి నలిగితే దారంలోకి, దారంలోంచి బట్టలోకి పోతుందని, రంగు అంటదని రోజూ చెప్పేది.

అప్పుడప్పుడే కవర్లు వస్తున్న రోజులు. మా అక్క పెళ్ళికి చీరాలలో చీరలు తీసుకుంటే కొట్టువాళ్ళు నిగనిగలాడే ఎర్ర కవరులో పెట్టి ఇచ్చారు. చారల సంచితో మిల్లుకు వెళితే పరుపులాయన కూతురు వచ్చిందని నవ్వుతారని నాకు సిగ్గు. అందుకని ఆ కవరును నెలల తరబడి దాచుకుని, తుడుచుకుని, అన్నం గిన్నె అందులోనే పెట్టుకుని తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ రాదు, ఏడుపూ రాదు.

ఆ ఏడు బావ కౌలు చేలో పత్తి వేశాడు. తీతకు కూలీలు దొరక్క మా అక్క కబురంపితే, మిల్లులో రెండు రోజులు సెలవడిగి వెళ్ళాను. ఒడి నిండగానే తెచ్చి గోతంలో పోస్తున్నాం. ఒక గోతం అడుగున చిల్లుంది, అందులోంచి పత్తి జారిపోతోంది. అప్పటికే చెవులు తెగిన నా ఎర్ర కవరును నలిపి ఆ చిల్లులో కుక్కాను. సాయంత్రం తీసేద్దామనుకున్నాను. తియ్యలేదు. అంతే జరిగింది, ఇంతకు మించి చెప్పడానికేమీ లేదు.

నాలుగు రోజులకు ఆ పత్తి మా మిల్లుకే వచ్చింది. నా ముందు పరిచిన కుప్పలో, తొక్కుడుకు చిరిగి చెదిరిన మొదటి ఎర్ర ముక్క కనపడగానే గుర్తుపట్టాను. బావ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. బండి వెనక్కి పంపితే ఆ ఇంట్లో మా అక్క తల ఎలా ఎత్తుకుంటుందన్న భయం ఒక్కటే నాకు. ముక్క దొరికితే రవికెలో దోపుకుంటూ గబగబా ఏరాను.

"ఏందే, అట్టా వణుకుతున్నావు?" అంది పిన్ని.

"జలుబు చేసింది పిన్నీ."

నన్ను నమ్మి ముందుకెళ్ళిపోయింది. నేను ఏరగలిగింది నా ముందున్న కుప్పను మాత్రమే. మిగతాది అప్పటికే మిషను మీదికి పోయింది.

కొన్నాళ్ళకు నూలు మిల్లు వాళ్ళు ఎర్ర నలకలున్నాయని దూది బేళ్ళు తిప్పి పంపారు. చూసుకోవాల్సింది మేస్త్రీయే కదా అని యజమాని పిన్నిని మాన్పించాడు. ఆమె తలగుడ్డ విప్పి దులుపుకుని వెళుతూ నా దగ్గర ఆగి, "నాకు కళ్ళు ఆనటంలేదే. ముసలిదాన్నయిపోయినట్టున్నా" అంది. నేను తలొంచుకుని పత్తి ఏరుతూనే ఉన్నాను.

మూడు రోజులు దాచాను. నాయనకు చెప్పాను. ఆయన కోప్పడతాడనుకుంటే, చేతిలో సూది పక్కన పెట్టి, "నాకు చెబితే ఏమొస్తదమ్మా. పోయి ఆమెకు చెప్పు" అన్నాడు.

పొద్దున్నే వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది పిన్ని. చాటను వెలుగుకు పట్టి, కళ్ళు చికిలించి, ఒక్కో గింజనూ వేలితో కదుపుతోంది. నిలబడే అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. చాట ఒళ్ళో పెట్టుకుని, "అయితే నా కళ్ళు బాగానే ఉన్నయ్యన్న మాట" అంది. మళ్ళీ గింజలు కదుపుతూ, "ఆ రోజే చెప్పి ఉంటే మీ బావతో మాట్లాడి, ఆ గోతం ఒక్కటీ పక్కన పెట్టించేదాన్ని కదే" అంది.

యజమానికీ చెప్పాను. పిన్నిని తిరిగి తీసుకోలేదు సరికదా, నన్నూ మాన్పించాడు. అక్క చాలాకాలం నాతో ముభావంగా ఉంది. ఆ వేసవిలో పిన్నీ నేనూ కలిసి గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళాం. మంటెత్తిన చేతులకు మజ్జిగ రాసుకుంటూ, ఒకే పట్టా మీద పక్కపక్కనే పడుకున్న రోజులవి. ఆ సంగతి పిన్ని మళ్ళీ ఎత్తలేదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది.

మొన్న చీరాల నుంచి బస్సులో వస్తూ చూశాను. తీత అయిపోయిన చేలలో పత్తి మోళ్ళకు తగులుకుని, కాలవ గట్ల మీద తుమ్మచెట్లకు చుట్టుకుని, కనుచూపు మేర కవర్లే. ఏది ఏ ఇంట్లోంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. వాటిలో మా ఇంటివీ ఉంటాయి. ఆ రోజుల్లో తప్పు నాదని నాకు తెలుసు, దానివల్ల ఎవరి కూడు పోయిందో తెలుసు, వెళ్ళి చెప్పుకోవడానికి వీధి చివర ఒక ఇల్లుండేది, వినడానికి అందులో ఒక మనిషి ఉండేది. ఇప్పుడు రోజూ అంతకు ఎన్నో రెట్లు పారేస్తూనే ఉన్నాం. వెళ్ళి చెప్పుకుందామంటే ఎవరింటికి వెళ్ళాలో తెలియడం లేదు.