భాయికి ఇచ్చిన సెలవులు

ప్రభుత్వోద్యోగికి జీతం కంటే క్యాజువల్ లీవే తీపి. జీతం ఇంటిల్లిపాదీ తింటారు, లీవు మనమొక్కరమే తింటాం. ఏడాదికి పదిహేనిస్తే వాటిని చంటిబిడ్డల్లా సాక్కునేవాళ్ళం. అలాంటి సెలవుల్ని ఉదయగిరిలో ఒక ఆఫీసు ఆఫీసంతా కలిసి ఒక మనిషికి దానం చేసింది. ఏ ఆఫీసో మాత్రం చెప్పను. పెన్షన్ తింటున్నవాణ్ణి, ఈ వయసులో నాకెందుకొచ్చిన గొడవ.

డెబ్భైల చివరి మాట ఇది. నేను గుమాస్తాను. ఇల్లు ఆత్మకూరులో, ఉద్యోగం ఉదయగిరిలో. కొండ కింద ఒక గది అద్దెకు తీసుకుని, ఆదివారాలకు సెలవులు అతికించుకుంటూ ఇంటికి పోయి వచ్చేవాణ్ణి.

మా రికార్డు కీపర్‌ది ఏఎస్ పేట. అందరం ఆయన్ని భాయి అనేవాళ్ళం. నేను చేరిన రోజు నాకు ఆ గది చూపించిందీ, అందులో తేళ్ళుంటాయని వారం తర్వాత చెప్పిందీ ఆయనే.

"ముందే చెప్తే చేరుతావా సారూ?" అన్నాడు నవ్వుతూ.

ఎప్పటి కాగితం అడిగినా చీకటి గదిలోకి వెళ్ళి చేత్తో తడిమి తెచ్చేవాడు. ఆయన లేకపోతే మా ఆఫీసుకు గతం లేదు.

ఒక వేసవిలో భాయి గొంతులో గడ్డ లేచింది. మద్రాసు డాక్టర్లు క్యాన్సరన్నారు. నెలల తరబడి అక్కడే ఉండి కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవాలన్నారు. ఉన్న సెలవులన్నీ వర్షాలు పడకముందే కరిగిపోయాయి. ఇక మిగిలింది జీతం లేని సెలవే. ఇంట్లో నలుగురు పిల్లలు. జీతం ఆగితే వైద్యం ఆగుతుంది, వైద్యం ఆగితే మనిషి దక్కడు.

మా హెడ్ గుమాస్తా పరమ పిసినారి. గుండుసూదులు కూడా బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. ఆయనే ముందు పడ్డాడు. 'మా సెలవుల్లో తలా కొన్ని ఇతనికి బదలాయించ ప్రార్థన' అని అర్జీ రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించి నెల్లూరికి పంపాడు. పది రోజుల్లో జవాబొచ్చింది. కుదరదనే జవాబు ఎప్పుడూ తొందరగానే వస్తుంది. ఒకరి సెలవు ఇంకొకరికి ఇచ్చే నిబంధన లేదట.

హెడ్ గుమాస్తా ఆ కాగితాన్ని పద్ధతిగా ఫైల్లో కట్టేసి మమ్మల్ని పిలిచాడు.

"వాళ్ళిచ్చేదేంది, మనమే ఇచ్చుకుందాం. రోజుకొక మనిషి లేకపోయినా ఈ ఆఫీసు నడస్తా ఉండాది గదా. ఆ లేనోడు భాయే ఎందుకు కావాల? రోజుకొకడు సెలవు చీటీ రాసియ్యండి. రాసిచ్చినోడు ఇంటికి పోకుండా వచ్చి భాయి సీట్లో కూర్చోండి. ఆయన సంతకం పెట్టి ఆయన పని చేయండి. గవర్నమెంటుకు నష్టమేంది?"

దొంగ సంతకం. ఉద్యోగాలు ఊడే తప్పు. అయినా ఆయన వాదనలో లొసుగు ఎక్కడుందో నాకు ఇప్పటికీ దొరకలేదు.

తొమ్మిది మందిమి బేరానికి కూర్చున్నాం. ఒకాయన తిరుమల మొక్కుకని మూడు దాచుకున్నాడు. టైపిస్టు భార్య కానుపుకు అయిదు కావాలన్నాడు. "కానుపు నీకా, నీ పెండ్లానికా?" అని అందరూ పడి రెండుకు దించారు. నాకు మిగిలిన పదకొండూ ఇచ్చేశాను. గొప్పతనమేం కాదు, అప్పటికే అందరూ నా మొహమే చూస్తున్నారు.

అసలు చిక్కు సంతకం దగ్గర వచ్చింది. భాయి ఉర్దూలో సంతకం చేసేవాడు. కుడి నుంచి ఎడమకు రాయడం మాలో ఎవడికీ చేతకాదు. మధ్యాహ్నం తలుపులు మూసుకుని, పాత రిజిస్టరు ముందు పెట్టుకుని, తలలు నెరిసినవాళ్ళతో సహా అక్షరాభ్యాసం మొదలుపెట్టాం. ఉర్దూ వచ్చిన ఎదురింటి దర్జీకి చూపిస్తే గుడ్డ పక్కన పెట్టి మరీ నవ్వాడు.

"సంతకం కాదు సార్ ఇది, పొట్టేలు కొమ్ములు" అన్నాడు.

వారం రోజులు ఆయనే దిద్దించాడు. చివరికి హెడ్ గుమాస్తా సంతకం భాయి సంతకం కంటే బాగా కుదిరింది.

ఆఫీసరు కొత్తగా వచ్చినవాడు, భాయిని చూసినవాడు కాదు. ఎప్పుడైనా "రికార్డు కీపరేడీ?" అని అడిగితే "టీకి పోయినాడు సార్" అనేవాళ్ళం. నాలుగు నెలలు టీ తాగాడు భాయి.

నేను ఇంటికి పోవడం తగ్గిపోయేసరికి ఆత్మకూరు నుంచి మా ఆవిడ కార్డు రాసింది, సెలవులన్నీ ఎవరికి పెడుతున్నావని. తర్వాత వెళ్ళినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"ఆ మాట ముందే చెప్పుంటే నీ మీద నాలుగు రోజుల కోపం ఆదా అయ్యేది గదయ్యా" అంది.

డిసెంబరు వచ్చింది. ఒక్కొక్కరి సెలవులూ, మొక్కుకూ కానుపుకూ దాచుకున్నవి కూడా, ఖాళీ అవుతూ వచ్చాయి. భాయి కాస్త గంజి తాగుతున్నాడని మద్రాసు నుంచి ఆయన తమ్ముడు ఉత్తరం రాశాడు. ఏడాది మారేలోపే వచ్చేస్తాడని, కొత్త ఏడాది సెలవులతో పని పడదని లెక్కలేసుకున్నాం.

నెలాఖరుకు ఒక రోజు ముందు నా వంతు. అదే నా ఆఖరి సెలవు, ఆఫీసులో మిగిలిన ఆఖరి సెలవు కూడా. చీటీ హెడ్ గుమాస్తాకిచ్చి, రిజిస్టర్లో భాయి సంతకం పెట్టి, రికార్డు గదిలో దుమ్ము దులుపుతున్నాను. మర్నాడు నెల్లూరు నుంచి తనిఖీ. మూడు గంటలకు టెలిగ్రాం వచ్చింది. భాయి క్రితం రాత్రే పోయాడు. మర్నాడు పొద్దున ఏఎస్ పేటలో మట్టి చేస్తారట.

హెడ్ గుమాస్తా కళ్ళు రిజిస్టరు మీద పడ్డాయి. రాత్రి చనిపోయిన మనిషి పొద్దున డ్యూటీకి వచ్చి సంతకం పెట్టాడు. తనిఖీలో అది దొరికిందంటే నాలుగు నెలలూ తవ్వుతారు. మా ఉద్యోగాలు సరే, భాయి భార్యకు రావలసిన పెన్షన్‌కు కూడా అడ్డం పడతారు.

"నువ్వు ఈ పొద్దు సెలవులో లేవురా. డ్యూటీకొచ్చి పరధ్యానంలో పక్క గడిలో గీకినావు. అట్లే రాయి" అన్నాడు.

రాసి ఆఫీసరు ముందు పెట్టాను. ఆయన నా కాగితం చూశాడు, రిజిస్టరు చూశాడు, చాలాసేపు నన్ను చూశాడు.

"పరధ్యానంలో ఉర్దూ కూడా వస్తుందా నీకు?" అన్నాడు.

ఆయన ఎర్ర ఇంకుతో ఆ సంతకం కొట్టేసి, పక్కన పొడి అక్షరాలు వేసి, రిజిస్టరు నావైపు తోశాడు.

బయటికి వచ్చాక హెడ్ గుమాస్తా నా చీటీ చించేశాడు.

"నీ సెలవు నీకు మిగిలిందిరా" అన్నాడు.

అప్పుడు ఏడుపొచ్చింది. టెలిగ్రాం చదివినప్పుడు రానిది అప్పుడొచ్చింది. అందరి సెలవులూ భాయి కిందే అయిపోయాయి. తనిఖీ రోజు చీటీ లేకుండా ఎవరూ కదలడానికి లేదు. ఆయన మట్టికి పోగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మళ్ళీ చీటీ రాసిచ్చి, తెల్లవారి మొదటి బస్సెక్కాను.

మూడేసి పిడికెళ్ళ మన్ను వేయాలన్నారు. వేశాను. మళ్ళీ వంగి ఇంకో పిడికెడు తీశాను. భాయి తమ్ముడు మెల్లగా నా చేయి పట్టుకున్నాడు.

"మూడు చాలు సార్."

"మావాళ్ళకు సెలవుల్లేవయ్యా, ఇంకా ఎనిమిది మంది ఉండారు" అన్నాను.

ఆయన చేయి వదిలేసి పక్కకు జరిగాడు.