కరెంటు లేని మూడు రోజులు

మా ల్యాబ్ సారు పోయిండని పోయిన నెల నారాయణఖేడ్ బస్టాండులో తెలిసింది. మనూరు బస్సు కోసం నిలబడి ఉంటే, మాతో పనిచేసిన పాత ఆయా నా చెయ్యి పట్టుకుని చెప్పింది. ఏడుపు రాలేదు. పక్కనున్న సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. నా బస్సు వచ్చి వెళ్ళిపోయింది.

ఒకే దవాఖానాలో పదకొండేళ్ళు పనిచేశాం. ఆయన రక్తపరీక్షలు చేసేవాడు, నేను నర్సుని. సూది గుచ్చే ముందు "పొద్దుగాల ఏం తిన్నవ్?" అని అడిగేవాడు, జవాబు చెప్పేలోపు రక్తం తీయడం అయిపోయేది. సీసా మీద పేరు రాసి, ఆ మనిషికే చదివి వినిపించేవాడు. "పేరు మారితే మనిషి మారినట్టే సిస్టరమ్మా" అనేవాడు.

ఎనభైల్లో ఒక ఎండాకాలం, సిర్గాపూర్ దారిలో జీపు బోల్తాపడి డ్రైవరు చనిపోయాడు. మరునాటికి గానీ శవపరీక్ష జరగలేదు. తాగి నడిపాడేమో చూడాలని పోలీసులు రక్తం అడిగారు. రక్తం చెడకుండా సీసాలో వేసే పొడి అప్పటికే నిండుకుంది. సారు ఉత్త సీసాలోనే పట్టి ఫ్రిజ్‌లో పెట్టాడు. ఆ సాయంత్రం గాలిదుమారానికి కరెంటు పోయింది. మూడు రోజులు రాలేదు. ఆ తర్వాతే సీసా పట్నం వెళ్ళింది. రక్తంలో మద్యం ఉందని రిపోర్టు వచ్చింది.

డ్రైవరు భార్య చంకలో ఆడపిల్లతో వచ్చింది.

"మా ఆయన కల్లు గూడ ముట్టడు సారూ. ఊరంత తాగుబోతు అంటుండ్రు."

సారు ఆమెకు స్టూలు జరిపాడు. "అంబలి ఎండకు పులుస్తది గద చెల్లె. పానం పోయినంక తీసిన రక్తం గూడ గంతే. వేడికి సీసాలనే మద్యం పుట్టొచ్చు."

"అయితే తాగలేదని చెప్పు."

"గది నేను చూడలే. తాగిండని చెప్పలేను, తాగలేదని చెప్పలేను. గా సీసాను నమ్మొద్దని మాత్రం చెప్త."

ఆమె మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది.

డ్రైవరు భార్య వేసిన నష్టపరిహారం కేసులో సారును సాక్ష్యానికి పిలిచారు. కోర్టులో కరెంటు సంగతి ఎత్తొద్దని పైవాళ్ళు ఆయనకు చెప్పారు. నేనూ అదే చెప్పాను. "ఎందుకు సార్ పరేషాన్? పిల్లలు గలవాళ్ళు" అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"సీసా నా చేతుల ఉండె గదమ్మా" అన్నాడు.

కోర్టులో వకీలు "అంటే తప్పు మీదేనా?" అని అడిగాడు.

"నాదే. పొడి లేకుండ పట్టిన. చల్లగ ఉంచలేకపోయిన. గా సంగతి రాసి పంపలే."

కోర్టు ఆ రిపోర్టును పక్కన పెట్టింది. సారుకు మెమో వచ్చింది. ప్రమోషను ఇక రాలేదు. బయట మెట్ల దగ్గర డ్రైవరు భార్య "సగం మాటే చెప్పినవ్" అంది. "నాకెరుకైంది గంతే చెల్లె" అన్నాడాయన. ఇద్దరూ అలిసిపోయి ఉన్నారు.

రిటైరయ్యేదాకా, కరెంటు పోయినప్పుడల్లా సోడా దుకాణం నుంచి మంచుగడ్డ తనే మోసుకొచ్చేవాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయేది. ఎవరైనా సాయం పోతే వద్దనేవాడు.

ఆయన దినాలకు వెళ్ళాను. అక్కడ డ్రైవరు భార్య కనిపించింది, జుట్టు నెరిసింది. ఎవరో అడిగారు, "సారు నీకేమైతడు?"

"ఏం కాడు" అంది.

అందరూ తిని లేచాక కొంగు నడుముకు దోపి, పెరట్లో వంట గుండిగల ముందు కూర్చుంది. నేను బయల్దేరేసరికి మూడోది తోముతోంది. మాడిన అడుగు వదలడం లేదు. మోచేతిదాకా బూడిదతో, రెండు చేతులా పట్టి రుద్దుతూనే ఉంది.