ఏడు పీపాల నీళ్లు, ఒక రహస్య తొట్టి

మా ముత్తాత పెనుకొండ తాలూకాలో పద్నాలుగు ఊళ్లకు పెద్ద. ఏ తగువు వచ్చినా రెండు పక్షాలవాళ్లూ మా వాకిట్లోకి వచ్చి నిలబడేవారు, ఆయన ఒకసారి చెప్పిన తీర్పును మళ్లీ మార్చి చెప్పాడని ఎవరూ అనలేదు. మా తాత ఇంటికి వచ్చిన దొరలు వాకిలి దగ్గరే టోపీ తీసి లోపలికి అడుగుపెట్టేవారట. మా నాయన కాలానికి ఊళ్ల పెద్దరికం పోయింది, పొలాలు చాలావరకు పోయాయి, మాట ఒక్కటి మిగిలింది. గొప్ప చెప్పుకోవడానికి ఇదంతా రాయడం లేదు. మొన్న హిందూపురంలో, మా ఇంట్లోనే, టీవీ ముందు కూర్చుని నాకు అంతగా ఎందుకు ఒళ్లు మండిందో తెలియాలంటే నేను ఎట్లాంటి ఇంట్లో పుట్టానో ముందు తెలియాలి.

మా మనవరాలు బెంగళూరు నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా అంతరిక్షనౌకల సీరియల్ ఒకటి పెడుతుంది. తోడుగా నేనూ చూశాను. మొదటి భాగాల్లో నౌక నాయకుడు చనిపోయాడు, తోటివాళ్లు ఏడ్చారు, నేనూ కొంచెం కళ్లు ఒత్తుకున్నాను. మొన్న చూస్తే అతను నిక్షేపంగా లేచి వచ్చాడు! అప్పుడు చచ్చింది అతను కాదట, అచ్చం అతనిలాగే వేరే గ్రహంలో తయారు చేసిన మరో మనిషట. మరి నా కన్నీళ్ల సంగతేమిటని అడిగితే ఆ పిల్ల నవ్వి, "అది రెట్‌కాన్ అవ్వా. ముందు చెప్పిన కథను తర్వాత సర్దుకుంటారు. అందరూ చేస్తారు" అంది. అందరూ చేస్తారన్న ఆ మాటకే నేను లేచి లోపలికి వెళ్లి, ట్రంకుపెట్టెలోంచి నల్ల అట్ట వేసిన నా బైండు పుస్తకం తీశాను. అరవై ఏళ్ల కిందటే ఈ సర్దుబాట్లు నేను చూశాను తల్లీ, అప్పుడే నాకు కోపం వచ్చింది, అది ఇంకా పూర్తిగా తగ్గలేదు.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, రష్యావాళ్లు ఆకాశంలోకి ఉపగ్రహం పంపిన తర్వాత కొన్నాళ్లు మన వారపత్రికల నిండా చంద్రుడు, అంగారకుడు తప్ప మరొకటి ఉండేది కాదు. మద్రాసు నుంచి వచ్చే ఒక వారపత్రికలో అంగారక యాత్ర గురించి సీరియల్ నవల మొదలైంది. పత్రికల కట్ట ధర్మవరంలో దిగి, అక్కడి నుంచి బెంగళూరు ప్యాసింజరులో పెనుకొండకు వచ్చేది. ఊరికి వచ్చే నాలుగు ప్రతుల్లో మొదటిది మా ఇంటికి ఇవ్వడం తాత కాలం నుంచి ఆనవాయితీ. సాయంత్రం మా పంచలో నేను పైకి చదవాలి. నాయన పడక కుర్చీలో కూర్చుని వినేవాడు. వెన్ను వంచి చదివితే గొంతు వంగుతుందని గద్దించేవాడు కనక నిటారుగా కూర్చుని చదివేదాన్ని. ఇప్పటికీ నాకు కుర్చీలో వాలడం రాదు. అవ్వ, అంటే నాయన తల్లి, పంచలోకి వచ్చేది కాదు. ఇత్తడి బొడుపులు కొట్టిన మా పెద్ద వాకిలి తలుపులు రెండూ దగ్గరగా వేసి, వాటి వెనక పీట మీద కూర్చుని సందులోంచి వినేది. ఆ తలుపులు ముత్తాత చేయించినవి, ఒక్కొక్కటి తెరవడానికి ఇద్దరు మనుషులు కావాలి.

అవ్వకు అక్షరం రాదు. కానీ మా సీమలో పుట్టిన మనిషి కదా, నీళ్ల మాట వస్తే చెవి నిక్కబొడుచుకునేది. అంగారకుడికి బయల్దేరిన నౌకలో ఐదుగురు మనుషులు, ఏడు పీపాల నీళ్లు అని మొదటి వారం చదవగానే అవ్వ లోపలికి వెళ్లి ఏడు చింతపిక్కలు తెచ్చి దీపం గూట్లో పెట్టింది. కథలో ఒక పీపా ఖాళీ అయినప్పుడల్లా ఒక పిక్క తీసి అవతల పారేసేది. పన్నెండో వారానికి గూడు ఖాళీ. ఆ వారం నౌకలో అందరూ గొంతులు ఎండి నాలుకలు పిడచకట్టి పడి ఉంటే, అవ్వ కూడా ఆ రాత్రి మజ్జిగ సగమే తాగింది. పదిహేనో వారంలో నౌక నాయకుడి చెల్లెలు తలంటి పోసుకుంది! నేను చదువుకుంటూ పోతున్నాను, తలుపు వెనక నుంచి గొంతు వినబడింది.

"నిలుపు పాపా. నీళ్లు యాడివి?"

మళ్లీ చదివాను. సీకాయ అని కూడా ఉంది.

"సీకాయ సంగతి తర్వాత. నీళ్లు యాడ నుంచి వచ్చె?"

ధర్మవరంలో మగ్గాలున్న ఇంటికి ఇచ్చిన మా అత్త ఆ రోజు వచ్చి ఉంది. ఆమె నవ్వేసి, "కథ కదమ్మా! కథలో నీళ్లు లెక్కపెడతారా ఎవరైనా?" అంది.

"ఏమ్మే, వాళ్లకి నీళ్లు లేవంటే నాకు గొంతు ఎండె. నా గొంతుకు జవాబు చెప్పమను, పో" అంది అవ్వ.

ఆ వారం నుంచి నేనూ పట్టుబట్టి వెతకడం మొదలుపెట్టాను. తొమ్మిదో వారంలో నౌక నాయకుడి ఎడమ చెయ్యి బండ కింద పడి తెగిపోయింది. ఇరవయ్యో వారంలో అతనే రెండు చేతులతో తాడు పట్టుకుని కొండ ఎక్కాడు. వారానికో ముక్క చదివి మరిచిపోయేవాళ్లకు ఇవి కనబడవు, నేను మాత్రం పేజీలు చింపి వరసగా దాస్తున్నాను. పాఠకులను ఇంత తేలిగ్గా చూస్తారా అని తప్పులన్నీ ఒక పెద్ద కాగితం మీద రాసి, కింద మా ఇంటి పేరు గట్టిగా పెట్టి పత్రికకు పంపాను. జవాబు రాలేదు.

ఆ నెలల్లోనే మా ఇంట్లో ఇంకో కథ నడుస్తోంది. పెనుకొండకు ధర్మవరం వైపున, రైలు పట్టాల పక్కన మాకు బావి ఉన్న తోట ఒకటి మిగిలి ఉండేది. తాత సమాధి ఆ తోటలోనే. ఆయన పక్కన చోటు అవ్వది. తన తలాపున పెట్టాల్సిన రాయి కూడా ఆమె ముందే చెక్కించి అక్కడ పెట్టించుకుంది. ప్రతి అమావాస్యకు బండి కట్టించుకుని వెళ్లి దీపం పెట్టి వచ్చేది. ఆ ఏడు నాయన బండి కట్టనివ్వలేదు. తోట మూడేండ్లకు గుత్తకు ఇచ్చినా, వాళ్ల పని జరుగుతాంది, ఇప్పుడు పోకూడదు అన్నాడు. టెంకాయలు ఏవంటే కోతులన్నాడు. మరుసటి నెల బావి పూడిక తీయిస్తాండారు, దారి లేదన్నాడు.

నాకు తెలుసు. తోటను హిందూపురం వర్తకుడొకాయనకు అమ్మేశాడు. పత్రంలో పొరపాట్లు లేకుండా చూడమని గది తలుపు వేసి నా చేత రెండుసార్లు చదివించాడు. నాలుగు హద్దుల మధ్య ఉన్న జలము, తరువులు, పాషాణములు సమస్తమూ అని ఉంది. ఆ పాషాణాల్లో తాత సమాధి ఉంది, అవ్వ రాయి కూడా ఉంది. సమాధి అన్న మాట మాత్రం పత్రంలో ఎక్కడా లేదు. నేను తలెత్తి చూస్తే నాయన కిటికీ వైపు చూశాడు.

కొన్ని వారాలకు అత్త మళ్లీ వచ్చింది. ఆ సాయంత్రం నేను చదవాల్సిన భాగంలోనే నా ఉత్తరానికి సమాధానం ఉంది, క్షమాపణ రూపంలో కాదు. నౌక అడుగున మొదటి నుంచీ ఒక రహస్య తొట్టి ఉందట, అందులో మరో ఏడు పీపాల నీళ్లు ఉన్నాయట, ఆ సంగతి నాయకుడికి తప్ప ఎవరికీ తెలియదట! నాకు కాగితం చింపేయాలన్నంత కోపం వచ్చింది.

"మొదుట్నుంచి ఉండింటే మొదుట్లోనే చెప్పాల" అంది అవ్వ తలుపు వెనక నుంచి. గూట్లో ఒక్క పిక్క కూడా పెట్టలేదు.

అత్త మాట మార్చబోయి, "అది వదిలెయ్ మా. రైల్లో వస్తా చూసినా, మన తోటలో ఎవరో కొత్త మనుషులు చెట్లు కొడతాండారే!" అంది.

తలుపు సందు కొంచెం పెద్దదైంది. "ఏమప్పా," అంది అవ్వ తన కొడుకును, "గుత్తకు తీసుకున్నోళ్లు చెట్లు కొడతారా?"

నాయన "అమ్మినానమ్మా" అన్నాడు. ఆ వెంటనే, గొంతు సవరించుకుని, "కానీ నాయన సమాధి, నీ చోటు మనవే. మొదుట్లోనే పత్రంలో రాయించినా" అన్నాడు.

రహస్య తొట్టి. అదే వారం, అదే పంచలో. నా చేతిలో పత్రిక ఇంకా తెరిచే ఉంది.

అవ్వ నాయనను మరేమీ అడగలేదు. "పాపా, పత్రం నువ్వు చదివినావు కదా. ఉండాదా అందులో?" అంది.

ముక్కూ మొహం తెలియని రచయితకు ఠావు నిండా తప్పులు రాసి పంపినదాన్ని నేను. మా నాయన పడక కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నా వైపు చూడలేదు, వద్దనీ అనలేదు. పద్నాలుగు ఊళ్లకు తీర్పు చెప్పిన వాకిట్లో నిటారుగా కూర్చుని, "ఉండాది అవ్వా" అన్నాను.

ఆమె లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చి, దీపం గూట్లో ఒక్క చింతపిక్క పెట్టింది. తలుపు సందులోంచి ఆ చెయ్యి నాకు కనబడింది. ఆ రచయితకు ఇవ్వని పిక్కను ఆమె నాకు ఇచ్చింది, నమ్మి ఇచ్చిందో, ఎరిగి ఇచ్చిందో నేను ఏనాడూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే నాయన మొదటి రైలుబండికి హిందూపురం వెళ్లాడు. ఎవరి గడపా తొక్కి ఏదీ అడగని మనిషి ఆ వర్తకుడి కొట్లో నిలబడి, పన్నెండడుగుల చోటు తిరిగి రాసివ్వమని అడిగాడు. వర్తకుడు మర్యాదస్తుడే, కాదనలేదు. అయితే కొత్తగా ఇల్లు కడుతున్నాడు, మా వాకిలి తలుపుల మీద ఆయనకు ఎప్పటి నుంచో కన్ను. నాయన సాయంత్రం బండికి స్టాంపు కాగితంతో తిరిగి వచ్చి నా చేతికి ఇచ్చి, గట్టిగా చదవమన్నాడు. చదివాను. ఈసారి సమాధి అన్న మాట ఉంది, అవ్వ రాయి కూడా ఉంది.

మూడో రోజు ఎనిమిది మంది మనుషులు, ఎద్దుల బండి వచ్చాయి. ఇదేందప్పా అని అవ్వ అడిగితే, చెదలు పట్టినాయి, మరమ్మతుకు పంపుతాండా అన్నాడు నాయన. మంచిదే, అంది అవ్వ. నీళ్ల పీపాలు లెక్కపెట్టిన మనిషి, తలంటికి నీళ్లు యాడివని నిలదీసిన మనిషి, ఆ తలుపులు మళ్లీ ఎప్పుడొస్తాయని బతికున్నంత కాలం ఒక్కసారి కూడా అడగలేదు. పలకలు కొట్టిన కొత్త తలుపు వెనక పీట వేసుకుని, మిగతా సీరియల్ అంతా విన్నది. నేను పట్టా పరీక్షలు పూర్తి చేసి హిందూపురంలో టీచరు ఉద్యోగంలో చేరిన ఏడాది అవ్వ పోయింది. తాత పక్కనే, తన రాయి కిందే పడుకుంది.

మొన్న ఆ బైండు పుస్తకం తిరగేస్తుంటే తొమ్మిదో వారం, ఇరవయ్యో వారం పక్కపక్కనే పెట్టి చూశాను. నాయకుడి చెయ్యి సంగతి నేటికీ తేలలేదు. చివరి వారంలో రెండు చేతులతోనే అంగారకుడి మన్ను ఎత్తి చూపించాడు. మా మనవరాలికి అది నవ్వులాట. ఇప్పుడు కథ మార్చుకోవడానికి ఒక పేరు కూడా ఉంది, పేరున్న పనికి సిగ్గుండదు కాబోలు. మా కాలంలోనూ మార్చారు, మా ఇంట్లోనే మార్చారు, ఆ మార్చిన మాటల్లో ఒకటి నాది. కాకపోతే అప్పట్లో మార్చినవాడు మర్నాడు మొదటి బండి ఎక్కి వెళ్లి, దాన్ని నిజం చేసుకుని వచ్చేవాడు. ఆ మొదటి బండి ఎక్కేవాళ్లు ఇప్పుడు నాకు ఎక్కడా కనబడడం లేదు, నా చిరాకంతా అందుకే.

తలుపులకు చెదలు పట్టలేదు. ఆ పన్నెండడుగుల చోటు కోసం అవి అమ్మినవే.