కోరం లేని కమిటీకి ప్రెసిడెంటు

మా పార్టీ తాలూకా కమిటీ ప్రెసిడెంటు పోయారు. మొన్న సంతలో జొన్నలు బేరమాడుతుంటే పలకల దుకాణం ఆయన వచ్చి చెప్పాడు. "ఆదివారం పొద్దున చేనికాడికి పోయొచ్చి మంచినీళ్ళు అడిగినాడంట. తెచ్చేలోపలే అయిపోయింది" అన్నాడు. చేతిలోని జొన్నలు గోతంలో పోసేసి ఇంటికొచ్చాను. అప్పటికే దహనం కూడా అయిపోయిందట. ఆ మనిషితో ఏడాదిపాటు మాట్లాడకుండా తిరిగినవాణ్ణి నేను. ఆ సంగతి దాచిపెట్టి ఆయన గురించి ఎన్ని మంచి మాటలు రాసినా అబద్ధమే అవుతుంది.

ఆయన నాకు చుట్టం కాదు. మార్కాపురానికి రెండు కోసుల దూరంలో ఉన్న పల్లెలో మెట్టరైతు. జొన్న, కంది, ఆముదం వేసుకుని వానకోసం చూసేవాళ్ళలో ఒకరు. నేను మామా అంటే, "పిల్లనియ్యకుండానే అల్లుడివైనావు, పోనీలే, కట్నం అడగవు" అని ఎగతాళి చేసేవారు. చదివింది నాలుగో తరగతి. పార్టీ నిబంధనల పుస్తకాన్ని మాత్రం చేతిసంచిలో పెట్టుకుని తిరిగేవారు. అందులో ఒక ముక్క అర్థం కాకపోతే బడిపంతులు ఇంటికి పోయి అరుగుమీద కూర్చుని చెప్పించుకునేవారు. ఆ పుస్తకం చూస్తే మాకు నవ్వొచ్చేది. ఆయనకు అది పట్టేది కాదు.

మా కమిటీలో పదకొండు మంది. నలుగురైనా వస్తేనే సమావేశం చెల్లుతుంది. దాన్నే కోరం అనేవాళ్ళు. సత్యాగ్రహం చేసి మావాళ్ళు వరసగా జైలుకు పోయిన రోజుల్లో ఎనిమిది మంది బళ్ళారి, వేలూరు జైళ్ళలో పడ్డారు. ఇద్దరు భయపడి రావడం మానేశారు. ప్రెసిడెంటు తన పేరు కూడా పంపారు గానీ వయసు మీద పడిందని పై కమిటీ ఒప్పుకోలేదు. ఇక నేనంటారా, పార్టీలో సభ్యుణ్ణే గానీ కమిటీలో లేను. ఎవరూ అడక్కముందే మా అమ్మకు ఒంట్లో బాగాలేదని ఊరంతా చెప్పుకు తిరిగాను. అసలు సంగతి భయం. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆ ఏడాదంతా నెలకొకసారి ఆయన ఒక్కరే వచ్చి సమావేశం పెట్టేవారు. పలకల దుకాణం వెనకగదిలో తనే ఊడ్చి చాప పరిచేవారు. ప్రెసిడెంటు కుర్చీలో కూర్చునేవారు కాదు. నాలుగో మనిషి వచ్చేదాకా అది ఉత్త కుర్చీయే అనేవారు. చాపమీద కూర్చుని పదకొండు పేర్లూ పైకి చదివేవారు. ఒక్కో పేరు దగ్గర కాసేపు ఆగి, "బళ్ళారిలో ఉండాడు" అనో, "వేలూరులో ఉండాడు" అనో తనే జవాబు చెప్పుకునేవారు. మానేసిన ఇద్దరి దగ్గర, "రాలేదు" అనేవారు. అంతకుమించి ఒక్క మాట అనేవారు కాదు.

ఏం జరుగుతోందో రాసుకు రమ్మని పంపితే పోలీసు స్టేషను నుంచి ఒక జవాను వచ్చి గడపమీద కూర్చునేవాడు. ఒకసారి నేనూ అక్కడే ఉన్నాను.

"పెద్దాయనా, ఈ నెల ఏం రాసుకోమంటావు?" అన్నాడు జవాను.

"కోరం లేదు, వాయిదా పడిందని రాసుకో."

"నన్ను గూడా లెక్కేసుకో, ఇద్దరమైతాం."

"నువ్వు సభ్యుడివి కావు గదా. ఫారం ఇస్తా, నింపుతావా?"

జవాను నవ్వుకుంటూ లేచిపోయాడు. ఆయన చాప చుట్టి మూలన పెట్టారు.

ఇంతలో నంద్యాలలో జిల్లా సభ వచ్చింది. తాలూకా కమిటీ తీర్మానం చేసి ఒక ప్రతినిధి పేరు పంపమని జిల్లా నుంచి కాగితం వచ్చింది. ఆ సభలో మాట్లాడాలని నాకు ప్రాణం కొట్టుకుపోతోంది. నల్లమలలో గొడ్లు మేపుకోవడానికి కట్టించుకుంటున్న పన్ను మీద పది కాగితాలు రాసి, చేలో ఎద్దుల ముందు నిలబడి చదువుకున్నాను. ఆయన సంతకం ఒక్కటి పడితే మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కడమే. కాగితాలు తీసుకుని ఆయన చేనికి పోయాను.

"బాగా రాసినావు అల్లుడా" అన్నారు, మొత్తం చదివించుకుని విన్నాక. "కానీ తీర్మానం కమిటీ చెయ్యాల. కమిటీ ఏది?"

"నువ్వే గదా మామా ఇప్పుడు కమిటీ."

"నేను ఒక్కణ్ణి. సంతకం పెడితే నిన్ను నేను పంపినట్టు గానీ తాలూకా పంపినట్టు ఎట్లయితాది?"

"వాళ్ళు జైలు నుంచి వచ్చేదాకా మా గొడ్లు పస్తులుండాల్నా?"

ఆయన తల వంచుకుని కంది చెట్టు ఆకులు తుంచుతూ నిలబడ్డారు. ఆయనకూ గొడ్లున్నాయి, ఆయనా పన్ను కట్టేవారు. "కోరం లేదు నాయనా" అని మాత్రం అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ కోరాన్ని ఎడ్లబండి మీద పెట్టి ఊరేగించుకో" అని అరిచి వచ్చేశాను. కోరం లేనందున ప్రతినిధి లేడని ఆయన నంద్యాలకు జాబు రాశారు. సభలో మా తాలూకా పేరు పిలిస్తే పలికిన దిక్కు లేదు. ఊళ్ళో చాలామంది ఆయన్ని ఛాదస్తుడన్నారు. అందరికంటే గట్టిగా అన్నది నేనే. తర్వాత సంతలో ఎన్నిసార్లు ఎదురుపడి "బాగుండావా అల్లుడా" అన్నా మొహం తిప్పుకున్నాను.

మరుసటి ఏడు జిల్లా సభ మళ్ళీ నంద్యాలలోనే పెట్టేనాటికి జైలు నుంచి ఎనిమిది మందీ వచ్చారు. వెనకగది నిండింది. ఆయన కుర్చీలో కూర్చున్నారు. ప్రతినిధి సంగతి రాగానే పెద్దారవీడు గొర్రెల కాపరి పేరు ఒకరు చెప్పారు. జైల్లో జబ్బుపడి సగమై తిరిగొచ్చిన మనిషి. అప్పుడు ప్రెసిడెంటు నా పేరు చెప్పారు. తలుపు దగ్గర నిలబడ్డ నేను ఉలిక్కిపడ్డాను.

కాపరికి ఏడు చేతులు లేచాయి. కాపరి మాత్రం తన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నా పేరు పిలిస్తే ఒక్క చెయ్యీ లేవలేదు. జైలుకు పోనివాడికి ఎవరు వేస్తారు? భూమి చీలితే బాగుండుననిపించి కిందికి చూస్తున్నాను. కుర్చీలోంచి ప్రెసిడెంటు చెయ్యెత్తారు.

"ఎట్లాగూ తేలిపోయింది గదా, మీరు వెయ్యాల్సిన పనేముంది?" అన్నాడు కార్యదర్శి.

"నేను గూడా సభ్యుణ్ణే. ఒకటి అని రాయి" అన్నారు.

సమావేశం అయ్యాక బయట ప్రెసిడెంటును పట్టుకున్నాను. ఏడాది తర్వాత ఆయనతో మాట్లాడటం అదే మొదలు. "అప్పుడు పంపనోడివి ఇప్పుడెందుకు వేసినావు మామా?"

"నువ్వు పనికొస్తావని చేలో చదివినప్పుడే అనుకున్నా. ఆ పొద్దు నేనొక్కణ్ణే చాలు అనుకునుంటే అది దొంగతనం. ఈ పొద్దు నేనొక్కణ్ణే అయినా అది ఓటు" అన్నారు. భుజాన తుండు సర్దుకుని, బండి కట్టించడానికి పోయారు.

నా పది కాగితాలూ కాపరికి చదివి వినిపించి, స్టేషను దాకా పోయి రైలెక్కించాను. నంద్యాలలో ఆయన నాకంటే బాగా మాట్లాడాడని విన్నాను. తర్వాత నేనూ కమిటీలోకి వచ్చాను, రెండుసార్లు జిల్లా సభలో మాట్లాడాను. చప్పట్లు కూడా కొట్టారు. అవేవీ నాకంత గుర్తులేవు. తలలన్నీ వంచుకున్న ఆ గదిలో, చొక్కా చేయి మోచేతిదాకా జారిన ఆ ముసలి చెయ్యి, కార్యదర్శి రాయడం అయ్యేదాకా దించకుండా అట్లాగే పైకి ఉంది.