రౌటర్‌కి తొడిగిన బొంత కవరు

మా అక్క నోరు తెరిస్తే లిఫ్టు తలుపులు తెరుచుకుంటాయి. నమ్మకపోతే మీ ఖర్మ. కుర్చీలోంచి లేవకుండానే సగం ఊరిని బయటికి లాగింది.

ఉద్యోగమే అది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు బొత్తాం నొక్కితే ఆ కాల్ మా అక్క పడగ్గదిలోని కంప్యూటర్‌కి వస్తుంది. మెకానిక్‌ని పంపాలి, అతను తలుపు తీసేదాకా లైన్ తెగకుండా మాట్లాడుతూ ఉండాలి.

తెగకుండా! అక్కడే వచ్చింది చావు. ఆ ఇంటి ఇంటర్నెట్ నా డిగ్రీ లాంటిది, సగంలో ఆగిపోతుంది. అక్క టేబుల్‌ని గది నాలుగు మూలలకీ ఈడ్చింది. ఇంటర్నెట్ ఆయన్ని పిలిస్తే, ఆయన ఉన్నంతసేపూ అది బుద్ధిగా పనిచేసేది. "అంతా బానే ఉంది మేడమ్" అని ఆయన మెట్లు దిగాడో లేదో, మళ్లీ గోవిందా!

"ఇంకొక్కసారి లైన్ తెగితే ఆఫీసుకొచ్చి కూర్చో" అన్నాడు మేనేజరు. వెళ్తే మోకాలి ఆపరేషనైన అత్తగారిని పగలంతా ఎవరు చూస్తారు? "నేను లేనా" అన్నాను. "నిన్నెవరు చూస్తారు?" అంది అక్క.

ఆ మర్నాడే ఒక తాళాలు బాగుచేసే ఆయన లిఫ్టులో ఇరుక్కున్నాడు. ఊళ్లో ఎవరి తలుపైనా తీయగలడు, ఆ ఒక్కటి తప్ప. ఊపిరాడట్లేదని ఒకటే కేకలు.

"కింద కూర్చోండి అన్నా. వీపు గోడకానించండి. మెకానిక్ దారిలో ఉన్నాడు, నేనెక్కడికీ పోను" అంటోంది అక్క. అంతలో ఆయన మాట ముక్కలు ముక్కలైంది. అక్క నావైపు చూసిన చూపుకి వేరేవాడైతే బూడిదయ్యేవాడు.

హాల్లోకి దూకాను. బీరువా మీదున్న రౌటర్‌ని రెండు దెబ్బలు వేద్దామని చెయ్యి పెట్టాను. కాలిన పెనమే! దాని ఒంటి నిండా పాత బొంత చింపి కుట్టిన కవరు, ఊపిరాడకుండా.

"అత్తయ్యగారూ! ఏంటిది?"

"దుమ్ము పడదూ? టీవీకి కుట్టాను, మిక్సీకి కుట్టాను, దానికేం పాపం?"

"మరి ఇంటర్నెట్ ఆయన వచ్చినప్పుడు ఇది లేదే?"

"బయటివాళ్ల ముందు ఆ పాత గుడ్డేం బావుంటుందిరా? తీసి దాచేదాన్ని."

కవరు పీకి అవతల పారేసి, ఫ్యాన్ లాక్కొచ్చి రౌటర్ మొహాన పెట్టాను. అత్తయ్యగారు కుంటుకుంటూ వచ్చి పళ్లెంతో విసరడం మొదలెట్టారు. ఎవరైనా చూస్తే రౌటర్‌కి జ్వరమొచ్చిందనుకునేవారు. గదిలోంచి అక్క గొంతు ఆగకుండా వినిపిస్తూనే ఉంది. మీ షాపు ఏ వీధిలో, మా బీరువా తాళం బిగుసుకుంది, ఏం చెయ్యమంటారు... అవతలాయన కేకలు మానేసి నూనె చుక్క వెయ్యమని చెబుతున్నాడట. అంతలో లైన్లో తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించిందట.

ఆ సాయంత్రం పక్కింటివాళ్లని కూర్చోబెట్టి, అక్క లిఫ్టు తలుపుని మాటలతో ఎలా తెరిచిందో, నేను నిప్పుల్లో చెయ్యి పెట్టి లైన్‌ని ఎలా కాపాడానో చెబుతున్నాను. అక్క చెవులకున్న హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టింది.

"తలుపు మెకానిక్ తెరిచాడు. నేను లైన్లో ఉన్నానంతే. వీడు ఫ్యాన్ పెట్టాడు."