బాబాయి గుజరాత్ గులాబీ, నా బకెట్టు నీళ్ళు

ఎదురింటి డ్రైవరు బాబాయి పోయారు. పోయిన శుక్రవారం పొద్దున, జగ్గయ్యపేట బస్టాండులో నందిగామ బస్సు మెట్టు మీద కాలు పెట్టానో లేదో, బెజవాడ ఆస్పత్రి నుంచి పిన్ని ఫోను. "అమ్మాయ్, మీ బాబాయి వెళ్ళిపోయారే" అంది, అంతే. బస్సు దిగిపోయాను. స్కూలుకి సెలవు చెప్పాలని కూడా తోచలేదు. ఇంటికి నడుస్తుంటే నాకు మొదట వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. అయ్యో, ఆ మొక్క బతికిందో లేదో చూడకుండానే పోయారే అనుకున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. వాళ్ళు ముస్లిములు, మేము కాదు. నేను కాపురానికి వచ్చిన రోజున సామాన్ల ఆటో మా సందు మలుపులో ఇరుక్కుంటే, ఆయనే లుంగీ ఎగ్గట్టి వచ్చి, హ్యాండిల్ పట్టుకుని దాన్ని వెనక్కి తీసిచ్చారు. "థాంక్సండీ బాబాయి గారూ" అని నోటికొచ్చింది. ఆ పిలుపే ఉండిపోయింది.

ముప్పై ఏళ్ళు లారీ తోలారు. గరికపాడు చెక్‌పోస్టు దాటాక బండి ఎటు పోతే అటు, రాజస్థాన్ అయినా గుజరాత్ అయినా. ఎక్కడ భోంచేసినా ఆ ఢాబా వాకిట్లో ఏం పూసిందో చూసి, ఒక కొమ్మ అడిగి తెచ్చుకునేవారు. మా వీధి నేల సంగతి ఏం చెప్పను, గడ్డపార వేస్తే రాయి తగిలి చేతులు జివ్వుమంటాయి. శివరాత్రి దాటితే బోర్లు గాలి కొడతాయి. కుళాయి రోజు విడిచి రోజు. అలాంటి వీధిలో ఆ ఒక్క ఇంటి ముందే రంగులు. గోడ మీద కాగితం పూలు, గట్టు వెంట బిళ్ళ గన్నేరు, కోసిన లారీ టైర్లలో పసుపూ నారింజా నాచుపూలు.

"రోజుకెన్ని బిందెలు పోస్తారు బాబాయి గారూ?" అని అడిగానొకసారి, కాస్త కుళ్ళుబోతుతనంతోనే.

"ఏం పొయ్యనమ్మాయ్. లారీలో ఒక్క క్యానుతో రెండ్రోజులు లాగేవోళ్ళం. తాగటం, మొహం కడగటం, రేడియేటరుకి పొయ్యటం అన్నీ దాంట్లోనే. ఇయ్యి కూడా మా బాపతే."

అసలు నీళ్ళే పోయరని కాదు. మూతి పగిలిన కుండ ఎవరు పారేస్తున్నా ఊరుకునేవారు కాదు. దాన్ని మొక్కల మధ్య మెడ దాకా పాతి, నింపి, పైన పళ్ళెం బోర్లించేవారు. వారానికోసారి నింపితే చాలు, కుండ చెమర్చిన తడితోనే ఆ వేళ్ళు బతికేవి. ఎండకి నేల ఆరకుండా పెనుగంచిప్రోలు కల్లాల నుంచి మిరప తొడిమలు బస్తాల్లో తెచ్చి పరిచేవారు. అవి పరిచిన రోజు వీధి వీధంతా తుమ్ములే. నేను గేటు దగ్గరికెళ్ళి గొడవ పెట్టుకున్నాను.

"ఏంటి బాబాయి గారూ, మమ్మల్ని చంపేస్తారా?"

"రెండ్రోజులు ఓర్చుకో అమ్మాయ్. మేకలు మాత్రం ఈ జన్మలో ఇటు రావు."

మేకలు రాలేదు, నిజమే. నేను మాత్రం వారం రోజులు తుమ్మాను.

అన్నిటికన్నా ఆయనకి ప్రాణం, గేటు పక్కన పెద్ద కుండీలో ఉన్న అడీనియం, ఎడారి మొక్క. గుజరాత్‌లో ఒక ఢాబా నుంచి తెచ్చారని దాన్ని గుజరాత్ గులాబీ అనేవారు. మొదలు లావుగా దుంపలా ఉండేది, ఆ బోడి కొమ్మల చివర ఎర్రటి పూలు. కిందటి నెల ఊపిరందక బెజవాడ తీసుకెళ్తుంటే, ఆటో ఎక్కుతూ తాళంచెవి నా చేతిలో పెట్టి, "వారానికోసారి కుండలు నింపు చాలు. గులాబీ జోలికి మాత్రం పోబాక" అన్నారు.

నేను దాని జోలికే పోయాను. నలభై రెండు డిగ్రీల ఎండ, నాకే నాలుక పిడచకట్టుకుపోతోంది, దాన్నలా వదిలెయ్యడానికి మనసొప్పలేదు. పొద్దున్నే వంటా, అత్తగారి మందులూ, క్యారేజీలూ అయ్యాక, ఆ అలుపులోనే బస్సుకి ముందు ఒక బకెట్టు పోసి పరిగెత్తేదాన్ని. ఆకులు పసుపెక్కి రాలాయి. దాహమనుకుని ఇంకో అర బకెట్టు పోశాను. ఒకరోజు మొదలు పట్టుకుంటే వేలు లోపలికి దిగింది.

రోజూ ఫోనులో "మొక్కలెట్టున్నాయి?" అనేవారు. "బ్రహ్మాండంగా ఉన్నాయండీ" అనేదాన్ని. వారం రోజులు అబద్ధమాడాను. ఆదివారం ఆస్పత్రికి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాక ఇక దాచలేకపోయాను. చెప్పి ఏడ్చేశాను.

ఆయన మాస్కు పక్కకి లాగారు. "ఎన్ని పోశావ్?"

"రోజూ బకెట్టు."

నవ్వబోతే దగ్గొచ్చింది. "ఇక్కడ నన్నూ ఇట్టాగే చేస్తన్నారు, సెలైన్లు ఎక్కించి ఎక్కించి. ఏడవబాక. కుళ్ళిందంతా కోసెయ్. జాలిపడి కొంచెం కూడా ఉంచబాక. గట్టిగా, తెల్లగా తగిలిందాకా కొయ్యి. నీడన పది రోజులు ఆరబెట్టు. తర్వాత ఇసకలో నిలబెట్టు. ఆకు కనపడేదాకా చుక్క పొయ్యబాక."

"బతుకుద్దంటారా?"

"బతికితే బతుకుద్ది. పొద్దున లేస్తే అందరికీ అన్నీ పోస్తానే ఉంటావు నువ్వు. కాసేపు ఊరుకోవటం నేర్చుకో అమ్మాయ్."

నన్ను చూసి అలసిపోయావా అని అడిగినవాళ్ళు లేరు. ఆయన కూడా అడగలేదు, కానీ ఆయనకి తెలుసు. అందుకే ఇంత దిగులు.

ఆ సాయంత్రమే కత్తిపీట తీసుకుని కూర్చుని కోశాను. చివరికి జానెడు మొద్దు మిగిలింది. మా వరండాలో తాడుకి వేలాడదీశాను. అయిదో రోజున ఆయనే ఇంటికొచ్చారు, తెల్లగుడ్డలో. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మగవాళ్ళు ఎత్తుకెళ్ళారు. పిన్నీ నేనూ గేటు దగ్గర, ఆ ఖాళీ కుండీ పక్కన నిలబడ్డాం.

మొన్న పిన్ని మా వరండా వంక చూసి, "అదేనా?" అంది. చెప్పాను, మొత్తం. అంతా వింది. తర్వాత, "చిగురేస్తే నలభయ్యో రోజున ఆయన సమాధి దగ్గర పెట్టిద్దామే. అక్కడ రోజూ నీళ్ళు పోసేవాళ్ళెవరూ ఉండరుగా" అంది.

నిన్నటికి పది రోజులు. దాన్ని ఆయన కుండీలోనే ఇసకలో నిలబెట్టాను. ఈ పొద్దున అలవాటుగా బకెట్టు నింపుకుని గేటు దాకా వెళ్ళి, గుర్తొచ్చి ఆగిపోయాను. ఆ నీళ్ళు తీసుకెళ్ళి పాతిన కుండల్లో పోసి, పళ్ళేలు మూసి, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాను. బస్సు హారను వినపడింది. లేవలేదు. ఎదురుగా ఆ ఎండు మొద్దు, దాని మీద పొద్దుటి ఎండ. ఒళ్ళో నా చేతులు ఊరికే ఉన్నాయి.